పెట్రోలు బిల్లు లేనివాళ్ల లిస్టు

పొద్దున సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు కళ్లముందే వెళ్లిపోయింది. ఇంకోటి అవతలి ఒడ్డు నుంచి వచ్చేదాకా వశిష్ఠ గోదావరి గట్టున నిలబడి ఒకటే ఆలోచన, ఎందుకంటే ఇవాళ పెట్రోలు అలవెన్స్ బిల్లులు పాస్ చేసే రోజు. నరసాపురంలో ఒక లేసు ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ చూస్తాను నేను. బండి మీద వచ్చేవాళ్లు బంకు బిల్లు పెడితే నెలకు వెయ్యి ఇస్తాం. పంటు దిగి నడిచొచ్చే నాకూ, మొగల్తూరు బస్సులో వచ్చే ఆడవాళ్లకూ, సైకిల్ మీద వచ్చే ప్యాకింగ్ బాబాయికీ ఏమీ రాదు.

బాబాయి కాలవగట్టు మీదుగా రోజూ ఏడు కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తాడు, అంతే దూరం తిరిగి వెళ్తాడు, వానొస్తే ప్లాస్టిక్ కవరు కప్పుకుని మరీ. బళ్లకు రేకుల షెడ్డు వేశారు. ఆయన సైకిలు మాత్రం గేటు పక్కన ఎండలోనే, సీటు పగిలిపోతే గోనెసంచి ముక్క చుట్టుకున్నాడు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇవాళ ఉండబట్టలేక సార్ దగ్గరికి వెళ్లి అడిగేశాను.

"ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదమ్మా" అన్నారు. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టిక్కెట్ లేదు, దాంతో మావాళ్లకు చాలా మిగిలింది కూడా. కానీ పంటుకు డబ్బులు కట్టాల్సిందే, షేర్ ఆటోకీ కట్టాల్సిందే అన్నాను. "బిల్లు లేకుండా ఆడిట్‌లో ఏం చూపిస్తావు?" అన్నారు. దానికి మాత్రం నా దగ్గర జవాబుంది. జీతాల మీద పన్ను లెక్క వేసేటప్పుడు నెలకు 1600 దాకా రవాణా అలవెన్స్ మినహాయించేవాళ్లం, ఏ బండి మీద వచ్చావు, బిల్లేది అని అడిగే పనే ఉండేది కాదు. 2018 బడ్జెట్‌లో దాన్ని తీసేసి స్టాండర్డ్ డిడక్షన్ పెట్టారు, అంటే బిల్లులేమీ అడక్కుండా జీతంలోంచి అందరికీ ఒకే మొత్తం తగ్గించి పన్ను లెక్క వేయడం. బెల్జియంలో అయితే 2023 మే నుంచి, వేరే ఒప్పందం లేని ప్రైవేటు కంపెనీలు కూడా సైకిల్ మీద వచ్చేవాళ్లకు కిలోమీటరుకు 27 యూరో సెంట్ల లెక్కన ఇవ్వాలని పెట్టారట, ఎన్ని రోజులొచ్చారో, ఎంత దూరమో చూసుకుని. మన దగ్గరా హాజరు పట్టీ ఉంది, ఊళ్ల దూరాలు అందరికీ తెలిసినవే, ఇంకేం కావాలి సార్ అన్నాను. గొంతు కాస్త పెరిగిందేమో కూడా.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఎవరు దేనిమీద వస్తున్నారో రాసుకురా, చూద్దాం" అన్నారు. షెడ్డులో సైకిలు పెట్టుకోవడానికి మాత్రం అప్పటికప్పుడే ఒప్పుకున్నారు. సాయంత్రం బాబాయికి చెబితే, "అక్కడ పెడితే బళ్లవాళ్లు ఏమైనా అంటారేమోనమ్మా" అన్నాడు. ఎవరూ ఏమీ అనరు బాబాయ్, రేపు నేనే దగ్గరుండి పెట్టిస్తానన్నాను.

రాత్రి అన్నం తిన్నాక లిస్టు మొదలుపెట్టాను, పదిహేడు పేర్లు తేలాయి. దూరం గడిలో నాకు ఎన్ని కిలోమీటర్లు రాయాలో తెలియలేదు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగొస్తే చాలా అవుతుంది, ఏరు దాటితే అయ్యేది కొంచెమే. అందుకని ఆ గడిలో పంటు టిక్కెట్ రానూపోనూ ఎంతో రాసి, వరదొచ్చి పంటు ఆపేసే రోజుల సంగతి కింద విడిగా రాశాను.