నెలాఖరు బూట్లు

మా అమ్మాయి నడకలో తేడాను కనిపెట్టింది నేను కాదు, నా భార్య. బడి నుంచి వస్తూ కుడికాలు కాస్త పక్కకు వేస్తోందని చెప్పింది. ఆ సాయంత్రం బూటు విప్పి చూస్తే బొటనవేలు గోరు చుట్టూ కమిలి ఉంది. చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుంది. "బిగుతుగా ఉన్నాయని ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. దానికప్పుడు ఆరేళ్లు. "నెలాఖరు కదా నాన్నా! ఒకటో తారీఖు వచ్చాక చెబుదామనుకున్నాను" అంది.

మేమిద్దరం వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే లెక్కలన్నీ పక్కగదిలోని ఆ చెవులు వింటూనే ఉన్నాయన్నమాట.

అప్పటికి మా ఇంట్లో ఒక్కటే జీతం. పిల్ల పుట్టాక సంరక్షణ కేంద్రానికి, రాకపోకలకు అయ్యేది తీసేస్తే నా భార్య జీతంలో 100కి 30 కూడా మిగలదని తేలి, ఆమె ఉద్యోగం మానేసింది. ఆ లెక్కలోని తప్పు ఆలస్యంగా తెలిసింది. సంరక్షణ ఖర్చు నాలుగైదేళ్లలో తగ్గిపోయేదే. మధ్యలో ఆగిపోయిన ఉద్యోగంలో ఆమెకు రావలసిన పెంపులు మాత్రం మళ్లీ రావు. అసలు ఆ ఖర్చును ఆమె జీతంలోంచే ఎందుకు తీసేశామో, ఇద్దరి జీతాలూ కలిపి ఎందుకు చూడలేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

బూట్ల సంగతి బయటపడ్డ రాత్రే ఫోనులో ఖర్చులు రాసుకునే యాప్ ఒకటి పెట్టుకున్నాను. నలభై పద్దులు, రంగురంగుల చక్రాలు! పదకొండో రోజున ఆ ఉత్సాహం చల్లారింది. తర్వాత నా భార్య పిల్ల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు చూపించి, "ఇందులో రాద్దాం, పద్దులూ వద్దు, చక్రాలూ వద్దు" అంది. మూడు నెలలు రాశాం. ఎవరు ఖర్చుపెడితే వాళ్లు, ఆ రోజే.

కూడి చూస్తే తిండికి మా ఆదాయంలో 100కి 41 పోతోంది. నాకు గుండె జారింది. అయితే ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికయ్యే వాటా పెరుగుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక నిపుణుడు 1857లోనే చెప్పాడు. ఆ 41లో మా దుబారా కంటే మా జీతం సంగతే ఎక్కువగా కనిపిస్తోందన్నమాట. అది అర్థమయ్యాక పిల్ల పళ్లెంలో కోత పెట్టే ఆలోచన మానుకున్నాం. పొదుపు అనగానే అందరూ ముందు వంటింటి మీదే ఎందుకు పడతారో గాని, మా పుస్తకంలో చిల్లు అక్కడ లేదు.

చిల్లు క్రెడిట్ కార్డు దగ్గర ఉంది. నెలలో చివరి పది రోజులు దాని మీదే నడుస్తున్నాయి. బిల్లు వచ్చినప్పుడు కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకుంటున్నాం. నెలకు నూటికి 3 వడ్డీ అంటే చిన్న మాటలాగే వినిపిస్తుంది. కట్టకుండా వదిలేస్తే 100 బాకీ ఏడాది తిరిగేసరికి 142 దాటుతుంది. ఏ పొదుపు ఖాతా అంత తెచ్చిపెడుతుంది? అందుకే అత్యవసరాలకు కొద్దిగా పక్కన ఉంచి, దాచడం ఆపేసి, ముందు ఆ బాకీ తీర్చాం. ఎనిమిది నెలలు పట్టింది.

మరి కార్డు దాకా ఎందుకు వెళ్తున్నాం? దీనికి జవాబు పుస్తకంలో దొరకలేదు, ఎందుకంటే పుస్తకం నెలల లెక్కన సాగుతోంది. ఒక ఆదివారం పెద్ద కాగితం మీద 12 గడులు గీసి, నెలనెలా రాని ఖర్చులు మాత్రమే రాయడం మొదలుపెట్టాం. బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బీమా ప్రీమియం, పళ్ల డాక్టరు, వాన చినుకుల కాలంలో తప్పని జ్వరాలు, బూట్లు. వీటిలో ఒక్కటీ చెప్పకుండా వచ్చేది కాదు. అయినా ప్రతి ఏడూ వచ్చినప్పుడల్లా పిడుగు పడ్డట్టు ఉలిక్కిపడ్డాం. మొత్తం కూడి 12తో భాగిస్తే మా ఆదాయంలో 100కి 17 అయింది.

అంటే మా చేతిలో ఉన్నది ఎప్పుడూ 83 మాత్రమే. పెళ్లయిన నాటి నుంచి 100 ఉందనుకుని సంసారం చేస్తున్నాం.

కాగితం మీద తేలికే. అసలు చిక్కు మొదటి ఏడాదిలో ఉంది. ఫీజుకు నాలుగు నెలలే గడువుంటే దాన్ని 12తో భాగించడం కుదరదు, 4తోనే భాగించాలి. 17 కాస్తా 26 అయి కూర్చుంది. వాయిదాల్లో కడతామని బడిలో అడగడానికి మూడు రోజులు జంకాను. నాలుగో రోజు వెళ్లి ఎంతో ఉపోద్ఘాతం మొదలుపెడితే, కార్యాలయంలో ఆవిడ తలెత్తకుండానే "మూడు వాయిదాలు సరిపోతాయా?" అంది. ఆ పైనుంచి జీతం పడ్డ రోజే ఈ వాటాను వేరే ఖాతాలోకి మార్చేస్తున్నాం. అదే ఖాతాలో ఉంచితే వారంలో కరిగిపోతుంది, రెండుసార్లు చూశాం. ఐదో నెలలో ఫ్రిజ్ చెడిపోయి అందులోంచి తీయక తప్పలేదు. దాన్ని ఎర్రసిరాతో మా మీద మాకున్న అప్పుగా రాసుకుని మూడు నెలల్లో తీర్చాం.

పిల్లల ఎదుగుదలను ఖర్చుల లెక్కలోకి తేవచ్చని కూడా అప్పుడే తెలిసింది. పసిబిడ్డ బరువు సుమారు ఐదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లున్న బిడ్డ మొదటి పుట్టినరోజుకు 75 దాకా వస్తుంది. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే, చవకగా వస్తున్నాయని ఒకే సైజు డైపర్లు మూడు పెద్ద కట్టలు కొని, ఒకటిన్నర కట్ట ఎవరికో ఇచ్చేసేవాణ్ని కాదు. మూడేళ్లు దాటాక ఏడాదికి ఐదారు సెంటీమీటర్లే పెరుగుతారు కాబట్టి బట్టలు కాస్త వదులుగా తీసుకుంటే ఒక ఏడు గడుస్తుంది. పాదానికి ఆ సూత్రం పనికిరాదు. వదులు బూటులో పిల్ల తూలిపడుతుంది, బిగుతు బూటు సంగతి చూశాం కదా. వేళ్ల ముందు ఒక సెంటీమీటరు చోటుంటే చాలు.

అందుకని మూడు నెలలకొకసారి పాదం గీస్తాం. నోటుపుస్తకం నేల మీద పరచి, పిల్లను దాని మీద నిలబెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పుతాను. అరికాలి వంపు దగ్గరికి రాగానే చక్కిలిగింతకు కాలు లాగేసుకుంటుంది. అందుకే ప్రతి బొమ్మలోనూ అక్కడ ఒక వంకర గీత ఉంటుంది. బొమ్మ పక్కన తేదీ. పాత బొమ్మ మీద కొత్తది పెట్టి వెలుతురుకు పట్టుకుంటే ఇంకెన్నాళ్లలో బూట్లు కావాలో తెలిసిపోతుంది.

వాడిన వస్తువులు తీసుకోవడానికి మొదట్లో నామోషీ పడ్డాం. ఇప్పుడు బట్టలు, పుస్తకాలు, సైకిలు ఏవైనా సరే. హెల్మెట్ మాత్రం కొత్తదే కొన్నాం. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మళ్లీ కాపాడుతుందన్న నమ్మకం లేదు, దాని పూర్వచరిత్ర మనకు తెలియదు.

ఆ సైకిలు వెనక ఒక కథ ఉంది. అది అడిగిన రోజు "డబ్బుల్లేవు" అనబోయి ఆగి, గడుల కాగితం ముందు నిలబెట్టి "ఏ గడిలో రాద్దాం?" అన్నాను. ఐదు నెలల అవతలి గడి చూపించి తనే రాసుకుంది. ఆ లోగా అడిగిన రంగుల పెట్టె, స్కేటింగ్ బూట్లు కూడా గడుల్లోకి ఎక్కాయి. రెండు నెలలకు స్కేటింగ్ బూట్లను గడిలోంచి తనే కొట్టేసింది. నేను అడగలేదు, అది చెప్పలేదు.

పోయిన వారం పాదం గీసే రోజు. దాని పని అయ్యాక పెన్సిలు తీసుకుని నా కాలు పట్టుకుంది. చుట్టూ గీసి, నా బూటు తెచ్చి బొమ్మ మీద పెట్టి చూసింది. "నీ కాలు పెరగలేదు నాన్నా. బూటు మాత్రం కింద చిరిగిపోయింది" అని తీర్పు చెప్పి, వాళ్లమ్మను పిలిచి, వచ్చే నెల గడిలో రాయించింది. ఆ గడిలో అప్పటికే బీమా ప్రీమియం, పళ్ల డాక్టరు ఉన్నారు. చోటు చాలక నా బూట్లు అంచున నిలువుగా పడ్డాయి.