ఎంగిలాకు వ్రాయునది

"ఎంగిలాకూ, వ్యాసం పంపకపోతే నీ పేజీలో ఫొటో ఒక్కటే వేస్తాం" అని మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ నుంచి మెసేజ్. డిప్యూటీ కలెక్టరునైనా మీకు నేను ఎంగిలాకునే. సరే, ఆ పేరు సంగతే రాస్తాను. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా నాకేమీ గుర్తులేదు, మామిడికాయల కేసు తప్ప. అది అచ్చులో పడకూడదు.

1979, పదో తరగతి. మన తెలుగు మాస్టారు, అదే పొడుంకాయ మాస్టారు, వాచకం మూసేసి, శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోంచి 'భిక్షువర్షీయసి' చదివారు. పరీక్షలో రాదని గోలీసోడా లేచి చెప్పాడు. "రాకపోతే మరీ మంచిది, కూర్చో."

దారిపక్క చెట్టుకింద జబ్బుపడ్డ ముసలి బిచ్చగత్తె. ఆరిన కుంపటిలా కూర్చుందట.

"ఏ అలంకారంరా?"

"ఉపమండీ."

"అది నాకూ తెలుసు. కుంపటే ఎందుకన్నాడు? బూడిదకుప్ప అనొచ్చుగా?"

ఎవరం పలకలేదు.

"ఆరిందంటే ఒకప్పుడు రాజుకున్నదేగా. ఎవరికో వండిపెట్టిన మనిషిరా ఆమె! తల ముగ్గుబుట్టలా ఉందన్నాడు. తెల్లదనానికైతే పత్తి లేదా, కొంగ లేదా? ముగ్గుబుట్ట అన్నాడంటే ఆమెకూ ఒక వాకిలుండేది."

శ్రీశ్రీ అంత ఆలోచించే రాశాడో లేదో గానీ, నాకు మాత్రం మా నాయనమ్మ వంగి ముగ్గేస్తున్నట్టే కనిపించింది.

తర్వాత అందర్నీ వేపచెట్టు కిందికి తోలారు. అవ్వ చస్తే ఆ పాపం ఎవరిదని పద్యంలో అడిగేది గాలి. కుక్క ఎముక కొరుక్కుంటూ ఊరుకుంటుంది. తొండ ఈగను నోట వేసుకుని జారుకుంటుంది. నా పాపం కాదనేది ఎగిరొచ్చిన ఎంగిలాకు. వేషాలు పంచారు. గాలి గోలీసోడా. కుక్క మన జడ్జిగారు (అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడు గ్రూపులోనూ ఏమీ అనడు). అవ్వ వేషానికి ఎవడూ రాకపోతే మాస్టారే తలమీద కండువా కప్పుకుని చెట్టు మొదట్లో చతికిలబడ్డారు.

నేను చేతులాడిస్తూ ఎగిరొచ్చి "ఇది నా పాపం కాదు" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్ళీ అనమన్నారు. మళ్ళీ నవ్వు. మూడోసారి నోరు తెరవబోతుంటే, కండువా కిందనుంచి మూలుగుతూనే, "దారిన పోయే మనుషులేరిరా ఈ పద్యంలో? ఒక్కడూ లేడే! ఆకు నయం, జవాబన్నా చెప్పింది" అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. ఈలోగా బెల్లు.

ఆ తర్వాత ఇంటరు, డిగ్రీ, గుమాస్తా ఉద్యోగం. "ఇది మా సెక్షనుకు సంబంధించినది కాదు" అని నోట్ రాయడం మొదటి ఏడాదే వంటబట్టింది. రాసిన ప్రతిసారీ వేపచెట్టు గుర్తొచ్చేది. అయినా రాశాను, అబద్ధమెందుకు.

తహసీల్దారునయ్యాక ఒక ముసలామె వచ్చింది. పనికి అరిగిపోయిన వేళ్ళు, మిషన్ మీద ముద్ర పడదు, పింఛను ఆగింది. మూడు బల్లల మీద మూడు నోట్లు, మూడూ ఎంగిలాకులే. ఆమె తల సరిగ్గా ముగ్గుబుట్టే. ఆ ఫైలు నేనే చంకన పెట్టుకుని తిరిగి, బకాయితో సహా ఇప్పించాను. గొప్ప కోసం రాస్తున్నారని మా ఆవిడ అంటోంది. కొంత నిజమే.

కమిటీవారూ, పదో తరగతి గ్రూపు ఫొటో పంపుతున్నాను. నా ముఖానికి గోలీసోడా మోచెయ్యి అడ్డమొచ్చింది. మాస్టారు చివరి కుర్చీలో కండువా సర్దుకుంటున్నారు. తొండ వేషం ఎవరిదో గుర్తున్నవాళ్ళు ఫోన్ చెయ్యండి.