ఆ మూడు చుక్కల మనిషి

ఆన్‌లైన్ వేలంలో పాడుకున్న వాచీ వచ్చింది. బాగుంది. ఆ మాట ముందే రాసేస్తున్నా, ఎందుకంటే ఇవాళ్టి నా గోల వాచీ గురించి కాదు.

నల్ల డయల్ హెచ్‌ఎంటీ పైలట్. చేత్తో కీ ఇచ్చేది. డయల్ అసలుదే. ఇప్పుడు ఆన్‌లైన్లో తిరిగే పైలట్లలో చాలావాటికి డయల్ కొత్తగా రంగేసి అచ్చు కొట్టినవే. అక్షరాలు లావుగా ఉబ్బి ఉంటాయి, చూపు అలవాటైతే ఫొటోలోనే పట్టేయొచ్చు. ఆఫీసు నుంచి వస్తూ బెంగళూరు అవెన్యూ రోడ్డు సందులో వాచీలు బాగుచేసే తాతకి చూపించాను. వెనక మూత విప్పి, కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూసి, "చెన్నాగిదె అమ్మా" అన్నాడు, బాగుందని. ఎంతకి తీసుకున్నావని అడిగాడు. 3,150 అని చెప్పాను. మూత బిగించి చేతిలో పెట్టేశాడు. ఎక్కువనో తక్కువనో ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

ఇంట్లో మాత్రం అనేవాళ్లకి కొదవలేదు. "ఎక్కువ అనిపిస్తే ఎందుకు పాడావు? నీ మెడ మీద ఎవరైనా కత్తి పెట్టారా?" అన్నాడు మా ఆయన, చపాతీ తుంచుకుంటూ. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నిజంగా కత్తి పెడితే పోలీసుల దగ్గరికైనా పోవచ్చు.

సంగతేమిటంటే, నేను మొదట పెట్టిన హద్దు 2,200. హద్దు చెప్పి వదిలేస్తే మన తరఫున సైటే కొంచెం కొంచెం పాడుకుంటూ పోతుంది కదా. అప్పుడు వచ్చాడు ఈయన. పేరు కనిపించదు. మొదట ఒక అక్షరం, చివర ఒక అంకె, మధ్యలో మూడు చుక్కలు. యాభై పెంచాడు. మళ్లీ యాభై. నా హద్దు దాటేశాడు. నేను హద్దు 3,200కి జరిపాను. యాభై యాభైగా మళ్లీ ఎక్కడం మొదలుపెట్టి 3,100 దగ్గర ఆగిపోయాడు. నా చేత చివరి దాకా మెట్లెక్కించి, ఒక్క మెట్టు ముందు తను దిగిపోయాడు.

నన్ను తొలిచేస్తున్నది ఆ ఆగడమే.

హద్దు ఎందుకు జరిపావంటారా? ఇలాంటి పాత వాచీలకి ధర చెప్పే షోరూమ్ ఎక్కడుంది? 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో మన జాలహళ్లిలో మొదలైన వాచీల కంపెనీకి 2016లో తాళం పడింది. పాత పైలట్లకి రేటు చీటీ ఉండదు. పక్కవాడు ఎంత ఇస్తానంటున్నాడో చూసి ధర తెలుసుకోవాల్సిందే. మరి ఆ పక్కవాడు అమ్మేవాడి మనిషే అయితే? నేను చూసింది ధర కాదు, నాకు చూపించాలనుకున్న అంకె.

రాత్రి కూర్చుని చదివాను. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్, 64వ సెక్షన్. అమ్మేవాడు ధర పెంచడానికి ఉత్తుత్తి పాటలు పాడిస్తే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చట. తొంభై ఏళ్ల కిందటే ఎంత బుద్ధిగా రాశారో! కానీ మూడు చుక్కల వెనక ఎవరున్నారని నేను ఏ కోర్టులో నిరూపించేది?

ఇంకో అనుమానం కూడా ఉంది. వేలాల మీద ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో అచ్చేసిన పరిశీలన ఒకటుంది. ఈబే అనే వేలాల సైటులో చెప్పిన గడువుకి వేలం ఠక్కున ఆగిపోతుంది. అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాల్లో చివర్లో ఎవరైనా పాడితే గడువు ముందుకి జరిగేది. అందుకే ఈబేలో ఆఖరి నిమిషం దాకా నోరు మెదపకుండా కూర్చునేవాళ్లు చాలా ఎక్కువ కనిపించారు వాళ్లకి. నేను కొన్నచోట కూడా గడువు జరగదు. మరి నిజంగా వాచీ కావలసినవాడు చివరి దాకా గుట్టుగా ఉండాలి కదా? రెండు రోజుల ముందే వచ్చి, అందరికీ కనిపించేలా యాభై యాభై పెంచుకుంటూ పోతాడా?

"మా బాలాపూర్ లడ్డూని చూడు" అన్నాడు మా ఆయన, అడగని సలహా. 1994లో 450 రూపాయలకి పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యికి పోయింది, ఎవరైనా బాధపడ్డారా అని. అక్కడ ఎంత పెంచితే అంత పరువు, మైకులో పేరు చెబుతారు, దండ వేస్తారు, ఊరేగిస్తారు. నాకు కొరియర్ అబ్బాయి ఓటీపీ అడిగాడు.

అసలు ఇవాళ నేను రాయాలనుకున్నది ఏమిటంటే, మొహాలు కనిపించే పాటే న్యాయమైన పాట అని. హిందూపురంలో అమ్మ నడిపిన చీటీల గురించి రాసి, అదీ వేలమంటే అని ముగిద్దామనుకున్నా. తీరా తలుచుకుంటే గుర్తొచ్చింది వేరే.

యాభై వేల చీటీ, ఇరవై మంది, నెలకి 2,500. మొదటి నెల అమ్మది, ఆ తర్వాత ప్రతి నెలా ఆదివారం పొద్దున మా వసారాలో పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటానంటే చీటీ వాళ్లకి, వదులుకున్న సొమ్ము అందరికీ సమంగా పంపకం. నా పని చాపలు పరచడం, టీ గ్లాసులు అందించడం. ఆ ఆదివారం మగ్గాల అక్క అందరికంటే ముందొచ్చింది. కూతురి పెళ్లి కుదిరింది, పెళ్లివారికి మాట ఇచ్చేసింది. ఆ సంగతి వీధి మొత్తానికి తెలుసు. ఐదు వేలతో మొదలుపెట్టింది. మామూలుగా అయితే ఆరు, ఏడు దగ్గర తెగిపోవాలి. కిరాణా కొట్టు శెట్టి ఆరన్నాడు. అక్క ఏడంది. శెట్టి ఎనిమిది. గోడకి ఆనుకుని కూర్చుని, కాళ్లు చాపుకుని, టీ ఊదుకుంటూ పెంచుతున్నాడు. అక్క మొహం చూస్తున్నాడు, పెంచుతున్నాడు. పదకొండు దాకా తీసుకెళ్లాడు. అక్క పన్నెండనగానే గ్లాసు కింద పెట్టి, "సరే తల్లీ, నువ్వే తీసుకో" అన్నాడు, దానమిస్తున్నట్టు.

తలా ఆరు వందలు తగ్గింది ఆ నెల. మాకూ తగ్గింది. వసారాలో ఒక్కరు నోరు తెరవలేదు. అక్క నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగులో ముడేసుకుని వెళ్లిపోయింది, టీ కూడా తాగకుండా. శెట్టి అంటే నాకు అప్పుడు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు. ఆయన కొట్లో బెల్లం ముక్క ఊరికే ఇచ్చినా తీసుకునేదాన్ని కాదు.

మరి మొహాలు కనిపించబట్టే కదా అక్క మునిగింది? ఆమె అవసరం ఎంతో, ఎక్కడిదాకా వస్తుందో, ఆమె కళ్లలోనే చదివాడు. మూడు చుక్కల మనిషికి నా మొహం తెలియదు. నాకు పైలట్లంటే పిచ్చి అనీ తెలియదు. ఆ లెక్కన ముసుగే నన్ను కొంత కాపాడింది.

ఇది రాశాక మళ్లీ ఆ సైటు తెరిచాను, ఊరుకోలేక. అదే అమ్మేవాడి పాత వేలాలు వరసగా చూశాను. చుక్కల మనిషి చాలావాటిలో ఉన్నాడు. దొరికాడనుకున్నా. ఆ పేజీల్లోనే ఇంకో ముసుగు కూడా పదేపదే కనిపించింది. ఒక అక్షరం, చుక్కలు, ఒక అంకె. అది నేనే. ఈపాటికి ఎక్కడో ఎవరో నన్ను చూపించి, ఈవిడ అమ్మేవాడి మనిషే అని పెళ్లాంతోనో మొగుడితోనో అంటూ ఉంటారు.

పడుకునే ముందు అమ్మకి ఫోన్ చేశాను. శెట్టి సంగతి ఎత్తాను, ఆయనకి డబ్బు అవసరం లేకుండానే ఆ రోజు అక్కని పిండేశాడు కదా అని.

"ఎవరు చెప్పినారే నీకు అవసరం లేదని? అప్పుడు కొట్టు తాకట్టులో ఉండె. వాళ్లింట్లో వాళ్లకే తెలియదు, నాకొక్కదానికే చెప్పినాడు."

ఇన్నేళ్లూ ఈ ముక్క నాకు చెప్పలేదు ఈవిడ. అడగలేదు కదే అంటుంది.

"మరి పదకొండు దగ్గర ఎందుకు ఆగినాడు?" అన్నాను.

"అంతకు మించి వదులుకుంటే తాకట్టు విడిపించడానికి చాలదేమో. లేకపోతే ఆ పిల్ల మొహం చూసి ఆగినాడేమో. నేనేమన్నా వాని కడుపులో దూరి చూసినానా? పెట్టేయ్, నిద్రొస్తాంది."

అదే అమ్మేవాడిది ఒక హెచ్‌ఎంటీ కోహినూర్ వాచీ వేలంలో ఉంది. ఇప్పుడు 950 దగ్గరుంది, చుక్కల మనిషి అప్పుడే వచ్చి కూర్చున్నాడు. నేను 1,400 అని కొట్టి లాప్‌టాప్ మూసేస్తున్నా. మా ఆయనకి చెప్పలేదు.