చప్పుడు చేయని రంపం: ఐదు వారాల లెక్క

మొదటి వారం

బ్యాటరీ చైన్ సా చేతికొచ్చిన రోజు ఒక్క పుల్ల కూడా కోయలేదు. బ్యాటరీ పెట్టకుండానే గంటసేపు అటూ ఇటూ తిప్పి చూశాను. పెట్రోలు రంపమైతే తాడు లాగాలి, పొగ రావాలి, కింద పెట్టినా గుర్రుమంటూనే ఉంటుంది. దగ్గరికి రావద్దని అదే చెబుతుంది. దీనికి ఆ నోరు లేదు. అందుకే నాకు నేను ఒకటే నియమం పెట్టుకున్నాను: చెయ్యి చైన్ వైపు వెళ్లాలంటే ముందు బ్యాటరీ బయటికి రావాలి.

రెండో వారం

ఆ నియమాన్ని నేనే తప్పాను. పదో కోతకి చైన్ వదులై గాడిలోంచి జారిపోయింది. ఇరుక్కున్న పొట్టు తీయడానికి వేళ్లు పెట్టబోతుంటే పక్కనున్న తమ్ముడు "అన్నయ్యా, బ్యాటరీ!" అని అరిచాడు. రంపం అంత నిశ్శబ్దంగా ఉంటే ఆగిపోయిందనే అనిపిస్తుంది మరి. ఇప్పుడు తీసిన బ్యాటరీని జేబులో వేసుకున్నాకే కవరు విప్పుతున్నాను.

తప్పు నాదే. కొత్త చైన్ మొదట్లో సాగుతుంది, మధ్యమధ్యలో చూసుకోవాలి. చూసే పద్ధతి ఇది: చైన్ చల్లారాక, బ్యాటరీ తీసి, గ్లవ్స్ వేసుకుని, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పట్టీ) మధ్యలో చైన్‌ని పైకి లాగాలి. కొంచెం లేవాలి గానీ లోపలి పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటపడకూడదు. వదలగానే టక్కున కూర్చోవాలి. చైన్‌ని ఆపే బ్రేక్ తీసి చేత్తో లాగితే హాయిగా తిరగాలి. బిగించేటప్పుడు బార్ కొసను పైకెత్తి పట్టుకోవాలి. వేడి మీద బిగిస్తే చల్లారాక చైన్ బార్‌ని పట్టేస్తుంది.

ఇంకోటి, మోటారుకి ఆయిల్ అక్కర్లేదు గానీ చైన్‌కి కావాలి. బార్ కొసను అట్టముక్క మీదికి చూపించి, తగలకుండా, కాసేపు తిప్పితే నూనె చారలు పడాలి. పడకపోతే ట్యాంకో, నూనె వచ్చే రంధ్రమో చూడాలి.

మూడో వారం

ఈ వారమంతా కిక్‌బ్యాక్ భయం. బార్ కొసలో పై సగం దేనికైనా తగిలిందంటే రంపం రెప్పపాటులో వెనక్కి, పైకి, మన ముఖం వైపు ఎగురుతుంది. మనం కోస్తున్న దుంగే కానక్కర్లేదు, వెనకాల కనపడని కొమ్మ తగిలినా చాలు. అందుకే కోసే ముందు అవతలి వైపు ఏముందో వంగి చూస్తున్నాను. ఎడమచేతి బొటనవేలు హ్యాండిల్ చుట్టూ కిందనుంచి పట్టాలి. నాకు దాన్ని పైన వేసే పాడు అలవాటు ఉంది, ఇంకా పూర్తిగా పోలేదు. నిలబడేది బార్‌కి సూటిగా కాదు, కొంచెం ఎడమకి. భుజం ఎత్తు దాటి కోత లేదు, నిచ్చెన మాటే లేదు.

రోజూ మొదలుపెట్టే ముందు బ్రేక్ పరీక్ష: రంపాన్ని గట్టి చోట ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, చైన్ తిరుగుతుండగా ఎడమ మణికట్టుతో ముందున్న గార్డును (బ్రేక్ వేసే మీట అదే) ముందుకు తోయాలి. చైన్ వెంటనే ఆగాలి. ఆగలేదంటే ఆ రోజు పని లేనట్టే.

నాలుగో వారం

రంపం దుంగలో ఇరుక్కుంది. రెండు చివర్లూ ఆధారం మీదున్న దుంగని పైనుంచి కిందిదాకా ఒకే పెట్టున కోశాను. బరువుకి దుంగ మధ్యలో కుంగి, కోత మూసుకుని బార్‌ని కరిచింది. లాగడం మానేసి, బ్యాటరీ తీసి, దుంగని ఎత్తితేనే వచ్చింది. అలాంటి దుంగకి పైనుంచి మూడో వంతు, మిగతాది కిందనుంచి. ఒక చివర గాల్లో వేలాడుతుంటే దీనికి తిరగేసి. కిందనుంచి కోసేటప్పుడు రంపం మన మీదికి తోస్తుంది, కాళ్లు నిలదొక్కుకుని ఉండాలి.

ఐదో వారం

బ్యాటరీ త్వరగా అయిపోతోందని చికాకుపడ్డాను. చూస్తే రాలేది ముక్కలు కాదు, పిండి. అంటే పళ్లు మొద్దుబారాయి. నా చైన్‌కి సరిపడే 4 మి.మీ. గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నుకి నాలుగైదు సార్లు, లోపలినుంచి బయటికి మాత్రమే రుద్దాను. ఒక ఛార్జింగ్‌కి 24 కోతలు వచ్చేవి, 37 అయ్యాయి. చేతుల నొప్పీ తగ్గింది.

కళ్లద్దాలు, చెవి మఫ్స్, గట్టి బూట్లు ముందే ఉన్నాయి. రక్షణ ప్యాంటు కొత్తగా తెచ్చాను. లోపలి పోగులు చైన్‌కి చుట్టుకుని దాన్ని ఆపాలి. కానీ ఎలక్ట్రిక్ మోటారు లాగే బలానికి అది ప్రతిసారీ ఆపుతుందన్న భరోసా లేదట, కాబట్టి ప్యాంటు ఉందని కాలిని దగ్గరికి చేర్చడం లేదు. వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే ఛార్జింగ్‌కి పెడుతున్నాను. వచ్చే వారం ఒరిగిన కొమ్మ ఒకటి ఉంది, చూడగానే వంగి బిగుసుకున్నట్టు కనిపిస్తోంది. దాన్ని తెలిసినవాళ్లు పక్కనుంటేనే ముట్టుకుంటాను.