మడతల్లో ఈస్ట్ ఇన్ఫెక్షన్: మందు, పథ్యం, పొడిబట్ట – నా అనుభవం

పంటి చికిత్స కోసం యాంటీబయాటిక్ మాత్రలు వాడిన కొద్ది రోజులకే రొమ్ముల కింది మడతలోను, గజ్జలలోను చర్మం ఒరుసుకుపోయినట్టు ఎర్రబడి మంట మొదలైంది. విశాఖపట్నంలో వానాకాలపు ఉక్కపోతకు ఇలా కావడం ఇంటింటా ఉన్నదే గనుక మా ఇంట్లోవారు చెమట పొక్కులే అనుకొన్నారు. అయితే చెమట పొక్కులు గాలి తగిలితే అణుగుతాయి. ఇది అణగలేదు సరికదా, ఎర్రటి భాగం అంచుకు ఆవల విడివిడిగా చిన్న చీము పొక్కులు లేచాయి, మడత లోపల తెల్లని తడి పూత కనిపించింది.

చర్మవ్యాధుల వైద్యురాలు ఆ భాగాన్ని కొద్దిగా గీకి, వచ్చిన పొట్టును గాజు పలక మీద ఉంచి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. ఆ ద్రావణంలో చర్మకణాలు కరిగిపోతాయి, శిలీంధ్రం మాత్రం మిగిలి స్పష్టంగా కనబడుతుంది. కాండిడా అనే ఈస్ట్ అని తేలింది. అది ఆరోగ్యవంతుల నోటిలోను పేగులలోను కూడా ఉంటుందనీ, దానిని అదుపులో ఉంచే మంచి బాక్టీరియా యాంటీబయాటిక్స్‌తో తగ్గినప్పుడు, చర్మం ఎడతెగక తడిగా ఉన్నప్పుడు, రక్తంలో చక్కెర పెరిగినప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మితిమీరి పెరుగుతుందనీ ఆమె ఓపికగా వివరించారు. అంతటితో ఆగక, "ఒకసారి మూడు నెలల చక్కెర పరీక్ష కూడా చేయించండమ్మా" అన్నారు. హెచ్‌బీఏ1సీ అనే ఆ పరీక్షలో 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ, 6.5 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం. నాకు ఏ లక్షణమూ లేదు. చర్మం చెప్పకపోతే ఆ సంగతి ఇంకెన్నాళ్లకు తెలిసేదో.

ఆమె రాసిన మందు క్లోట్రిమజోల్ 1 శాతం పూత, రోజుకు రెండుసార్లు. ఎరుపు పోయిన తరువాత కూడా కొన్నాళ్లు రాయాలన్నారు. అంతకుముందు మా వీధిలోని మందుల దుకాణంలో, అడిగీ అడగకముందే స్టిరాయిడ్, శిలీంధ్రనాశిని, యాంటీబయాటిక్ మూడూ కలిసిన ట్యూబు ఒకటి చేతిలో పెట్టారు. నేను తీసుకోలేదు. స్టిరాయిడ్ దురదను త్వరగా అణచివేస్తుంది గనుక నయమైనట్టే ఉంటుంది, కాని చర్మపు రక్షణ శక్తిని కూడా అణచివేయడం వల్ల లోపల శిలీంధ్రం విస్తరిస్తుంది, ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టిరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అయినా అవి ఇంత సులువుగా చేతికి అందడం నన్ను నిజంగా కలవరపెడుతోంది. శిలీంధ్రాలకు వాడే ఫ్లూకొనజోల్ మాత్రలను కూడా సొంతంగా కొని మింగకూడదు; రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్‌తోను, కొన్ని రకాల మధుమేహపు మాత్రలతోను అది పొసగదు.

ఇక పథ్యం. మా అప్ప పంపిన వీడియోలలో ఒకటి, ఉదయాన్నే గ్లాసు నీటిలో ఉమ్మి చూడమని, తీగలు వేలాడితే ఒంటినిండా కాండిడా ఉన్నట్టేనని చెప్పింది. ఉమ్మి ఎవరిదైనా నీటిలో అలాగే తీగలు సాగుతుంది; దానిని బట్టి ఏ రోగమూ తేలదు. ఇంకొకటి ఇడ్లీ, దోసె, పెరుగు, పండ్లు అన్నీ మానేయమంది. పోషకాహార నిపుణురాలిని అడిగితే, పిండిని పులియబెట్టేవి ప్రధానంగా లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా అనీ, పులిసిన పిండి తిన్నందువల్ల చర్మం మీద కాండిడా పెరగదనీ చెప్పారు. నా విషయంలో చూసుకోవలసింది పులుపు కాదు, బియ్యం మోతాదు. అందుకని ఇడ్లీలు తగ్గించి, వాటితోపాటు సాంబారులో కూరముక్కలు, పప్పు పెంచాను. కొన్ని ఉదయాలు ఉప్మా లేని పెసరట్టు, కొన్ని ఉదయాలు మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి. అంబలి మంచిదే గాని, పెద్ద చెంబుడు తాగితే అదీ పిండిపదార్థమే గనుక చక్కెరను పెంచుతుంది. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, ఎంవీపీ కాలనీ రైతుబజారులో దొరికే బీర, ఆనప, గోరుచిక్కుడు, ఆకుకూరలతో ఆ ఖాళీ నింపాను.

అన్నిటికంటె కష్టమైనది బెల్లం. అనకాపల్లి పక్కన ఉండి, బెల్లం టీ తాగుతూ పెరిగిన ఇంట్లో "పంచదార కాదు కదే, బెల్లమే కదా" అనే మాటకు బదులు చెప్పడం తేలిక కాదు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజమే. కాని అందులో అత్యధిక భాగం చక్కెరే, రక్తంలోకి వెళ్లాక రెంటికీ పెద్ద తేడా లేదు. అప్పకు ఈ మాట చెబితే మొదట నొచ్చుకొంది. తన చక్కెర పరీక్ష చేయించుకొన్నాక నాతోపాటు తనూ చప్పటి టీకి మారింది.

సహజ చికిత్సల విషయంలో నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతాను. కొబ్బరినూనె, వెల్లుల్లి ప్రయోగశాలలో కాండిడాను అణచగలవన్నది వాస్తవమే, కాని గాజుపళ్లెంలో జరిగినది మడతలోని పచ్చి చర్మం మీద జరుగుతుందని అనుకోకూడదు. పచ్చి వెల్లుల్లి ముద్ద చర్మాన్ని కాలుస్తుంది. వెనిగర్ కూడా మంట పుట్టిస్తుంది. నూనె రాస్తే మడతలో తడి నిలిచిపోతుంది గనుక పుండు మానేవరకు నేను దాని జోలికి పోలేదు. పెరుగు తినడం మానలేదు, అది ఆహారంగానే గాని మందుగా కాదు. వేపాకు కాచిన నీళ్లతో స్నానం చేస్తే హాయిగా అనిపించింది. ఆ హాయిని మించి దానికి నేనేమీ ఆపాదించను.

నిజంగా మేలు చేసిన సహజ చికిత్స పొడితనం. ఉదయం బీచ్ రోడ్డులో నడక మొదలుపెట్టాక ఈ ఊరి గాలిలోని తేమకు బట్టలు తడిసి ముద్దయ్యేవి, అందువల్ల ఇంటికి రాగానే స్నానం చేసి, మెత్తని తువాలుతో రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద మడతలు పూర్తిగా ఆరాకనే మందు రాసేదాన్ని. మడత మధ్య పలచని పాత నూలుబట్ట ముక్క పెట్టుకొని, తడవగానే మార్చేదాన్ని. లోదుస్తులు నూలువే, బిగుతు లేనివే ఎంచుకొన్నాను, మధ్యాహ్నం ఒక జత మార్చాను. వానలకు బట్టలు ఇంట్లోనే ఆరవేయవలసిన రోజుల్లో ఇస్త్రీ చేసి ఆ చెమ్మ పోగొట్టాకే తొడుక్కొన్నాను. నా తువాలు ఇంకెవరూ వాడకుండా వేరుగా ఉంచాను.

మంట కొద్ది రోజుల్లోనే తగ్గింది, ఎరుపు పోవడానికి మూడు వారాల పైన పట్టింది. మూడు నెలల తరువాత హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. ఆ తరువాత ఒకసారి, తుపాను వాన నాలుగు రోజులు విడవకుండా కురిసినప్పుడు, ఎడమ గజ్జలో చిన్న మచ్చ మళ్లీ వచ్చింది. వైద్యురాలికి చూపించి అదే పూత రాస్తే మానింది. పరీక్ష ఆరు నెలలకొకసారి చేయించుకోమన్నారు. తదుపరిది సంక్రాంతి వెళ్లాక.