గోడలోంచి వచ్చిన ముఖం

ఈరోజు సెలవు. పొద్దున వెస్ క్రేవెన్ తీసిన 1984 నాటి హారర్ సినిమా 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' మళ్లీ చూశాను, మధ్యాహ్నం దాని 2010 రీమేక్. బట్టలు ఉతకడం, ఇల్లు సర్దడం ఎలాగో అయ్యాయి గానీ, మనసంతా ఆ గోడ సీన్ మీదే ఉంది.

నిద్రపోతున్న అమ్మాయి తల పైన గోడ మెల్లగా ఉబ్బుతుంది. ముందు చేతులు, తర్వాత ముఖం. ఆమె లేచేసరికి ఏమీ ఉండదు. పాత సినిమాలో దీనికి చేసిందల్లా గోడ స్థానంలో సాగే గుడ్డ బిగించి, వెనక నుంచి ఒక మనిషిని ఆనుకోమనడమే. వేళ్ల దగ్గర ఆ గుడ్డ బిగుసుకోవడం చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే అక్కడ నిజంగానే ఒక ఒళ్లు ఉంది. రీమేక్‌లో అదే సీన్‌ని గ్రాఫిక్స్‌తో చేశారు. ఆకారం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, భయం మాత్రం వేయదు. 1982 నాటి 'ది థింగ్'కి ముందు కథగా 2011లో అదే పేరుతో వచ్చిన సినిమా సంగతి ఇంకా బాధ. అందులో చేత్తో తయారుచేసిన జీవుల మీద చాలా చోట్ల మళ్లీ గ్రాఫిక్స్ పూశారు. అంత కష్టపడి చేసినవాళ్ల పని తెరమీదికే రాలేదు.

ఇంతకంటే నన్ను ఎక్కువ నిరాశపరిచేది, అన్నిటికీ కారణం చెప్పాలన్న ఆరాటం. 1978 'హాలోవీన్'లో ఆరేళ్ల పిల్లాడు అక్కని చంపేస్తాడు. ఎందుకో సినిమా చెప్పదు. పెద్దయ్యాక వాడు వేసుకునే ముసుగు వెనక ఏముందో తెలియకపోవడమే మనల్ని వెంటాడుతుంది. 2007 రీమేక్ ఆ పిల్లాడి ఇంట్లో గొడవలు, బడిలో ఏడిపింపులు అన్నీ వరసగా చూపించింది. జాలి కలిగింది. జాలి కలిగాక ఇంకేం భయపడతాం?

అలాగని రీమేకులన్నీ దండగ అనను. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ది థింగ్' కన్నా ముందే, 1951లో అదే కథతో ఒక సినిమా వచ్చింది. 1986 'ది ఫ్లై' కూడా 1958 నాటి సినిమాకి రీమేకే. పాతదాంట్లో మనిషికి ఒక్కసారిగా ఈగ తల వస్తే, 1986 సినిమా దర్శకుడు క్రోనెన్‌బర్గ్ ఆ మార్పుని రోజురోజుకీ కుళ్లిపోయే శరీరంగా మార్చేశాడు. వీళ్లు కథ తీసుకుని తమ భయం తాము వెతుక్కున్నారు. 1998లో మాత్రం 1960 నాటి 'సైకో'ని దాదాపు షాట్‌కి షాట్ మళ్లీ తీశారు, ఈసారి రంగుల్లో. 1960లో హీరోయిన్ సగం సినిమా కూడా కాకుండానే చచ్చిపోతుందని ప్రేక్షకులు ఊహించలేదు. 1998 నాటికి ఆమెని చంపే ఆ షవర్ సీన్ తెలియనివాళ్లు ఎంతమంది? కెమెరా కోణాన్ని కాపీ కొట్టొచ్చు, ఆ తెలియనితనాన్ని ఎక్కణ్ణుంచి తెస్తారు!

రాత్రి చెల్లి ఫోన్ చేసింది. అది ఇంతవరకూ 'సైకో' చూడలేదట, కథ కూడా తెలియదట. ఎవరైనా చెప్పేసేలోపు ఆ నలుపు తెలుపు సినిమా దానికి చూపించాలి. ఆదివారం రమ్మన్నాను.