జనవరిలో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ఆపేసేవాళ్లకి

బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకి 3, ఆదివారం 5 చదివితే ఏడాదిలో అయిపోతుంది. లెక్క సులువే. కానీ ఆ లెక్కన జనవరి నెలాఖరుకి లేవీయకాండం వస్తుంది: బలులు, శుద్ధి నియమాలు. మన డెల్టాలో ఆ నెలంతా దాళ్వా (రెండో పంట వరి) నాట్ల హడావుడి. చాలామంది ఆగేది అక్కడే, భక్తి లేక కాదు.

అలాంటప్పుడు మార్కు సువార్త పట్టుకోండి, 16 అధ్యాయాలే. రోజుకొకటి, దాంతోపాటు ఒక కీర్తన. 119వ కీర్తన మాత్రం 176 వచనాలు. రోజుకి 8 చొప్పున 22 రోజులు చదవండి, దాని అమరికే అంత.

తప్పిన రోజుల బాకీ తీర్చొద్దు. ఒక్క రాత్రి 10 అధ్యాయాలు పరుగెత్తిస్తే ఏదీ మనసుకి అంటదు. ఆరోజుదే తెరవండి. చదివాక ఒక్క వచనం నోట్‌బుక్‌లో రాసి, దాన్నే ప్రార్థనగా పైకి పలకండి. ఎండిన మనసు మళ్లీ చిగురించేది ఎక్కువగా ఈ చివరి 5 నిమిషాల్లోనే, జనం వదిలేసేదీ వీటినే. ఫోన్‌లో చదివేవాళ్లు ముందు డేటా ఆపండి.